'ఎవరూ నడవని బాట' అని ఎవరన్నారు?

(జగదేవ్‌పూర్‌లో జరిగిన మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాయతీల్లో మహిళల హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ, 1994 పంచాయతీరాజ్ చట్టం, మూడో వంతు సీట్లు, ఆ తర్వాత సగం సీట్లు - ఈ కథంతా మీకు తెలిసిందే. మీలో కొందరు ఆ సీట్లలో కూర్చున్నవాళ్లే. అందుకని ఈ పూట ఆ కథ జోలికి పోకుండా ఒక చిన్న విషయం మాట్లాడతాను. అది బండ్ల బాట గురించి.

ఆ మధ్య ఒక ఊళ్లో నాకు ఒక తీర్మానం చిత్తుప్రతి చూపించారు. ఊరి పేరు చెప్పను, అక్కడి వాళ్లు ఇంకా ఆ పోరాటంలోనే ఉన్నారు. అందులో రాసింది ఇంతే. ఫలానా సర్వే నంబర్ల మధ్య నుంచి పోయే బాటను కొన్నేళ్లుగా ప్రజలెవరూ వాడటం లేదు, పంచాయతీకి దానితో పని లేదు, కాబట్టి దాన్ని వదులుకుంటున్నాం. అడిగినాయన ఆ బాటకు రెండు పక్కలా భూమి కొన్నాడు. మధ్యలో బాట ఉంటే ఒకే కంచె వేసుకోవడం కుదరదు. బదులుగా గుడి ముందర రేకుల షెడ్డు వేయిస్తానన్నాడు.

సర్పంచ్ మహిళే. మంచి మనిషి. నేనడిగితే, "అందరూ గదే అంటున్నరమ్మా, గా బాటల ఎవలూ నడుస్తలేరట" అన్నది. ఆ అందరూ ఎవరని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి నవ్వేసింది. ఆ అందరూ రావిచెట్టు గద్దె మీద కూర్చునే నలుగురైదుగురు మగవాళ్లు. వాళ్లకు మోటారు సైకిళ్లున్నాయి, తారు రోడ్డు మీద పోతారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు నడవడం లేదు, అంతే.

మరునాడు పొద్దున్నే కూలికి పోయే ఆడవాళ్లతో కలిసి ఆ బాట చూడటానికి పోయాను. మొదట్లోనే ముళ్లకంచె. దానికింద ఒకచోట తీగ వంగి ఉంది. ఆ సందులోంచి ఒక పెద్దమ్మ కొంగు నడుముకు చుట్టుకుని దూరింది, వెనక మేకలు దూరాయి. "నడువనిస్తే గదా నడిచేది, రెండేండ్ల సంది గీ కంచె ఏసిండ్రు" అన్నదామె. నేను చెప్పదలచుకున్న మాటలో సగం ఆమే చెప్పేసింది. ముందు బాటను మూశారు. మూశాక జనం తగ్గారు. జనం తగ్గారు కాబట్టి ఇప్పుడు బాటే అక్కర్లేదంటున్నారు.

అందరూ కంచె వల్లనే మానేశారా అంటే కాదు. ఆ మాటా నిజాయితీగా చెప్పుకోవాలి. గ్యాస్ వచ్చాక కట్టెల కోసం పోవడం తగ్గింది. నల్లా వచ్చాక నీళ్ల బాటలు తగ్గాయి. ఎడ్లబండ్లు లేవు, ట్రాక్టర్లు వేరే దిక్కు నుంచి తిరుగుతున్నాయి. బాట మొదట్లో బెల్టు షాపు పెట్టాక వయసు ఆడపిల్లలు అటు రావడం మానేశారు. ఈ చివరిది వాడకం తగ్గడం కింద లెక్కా, వాడకుండా చేయడం కింద లెక్కా? పంచాయతీ రిజిస్టరులో ఈ ప్రశ్నకు గడి ఉండదు.

ఇంకా ఎవరు నడుస్తున్నారని ఆడవాళ్లను అడిగాను. పత్తి ఏరేటప్పుడు కూలి గుంపులు నడుస్తాయి. ఇప్పుడు కంచె ఉన్నందుకు ఆటోలో తారు రోడ్డు చుట్టి పోతున్నారు, ఆటో కిరాయి వాళ్ల కూలిలోంచే పోతుంది. సీతాఫలాల కాలంలో గంపలెత్తుకుని నడుస్తారు. బోనాలప్పుడు కట్టమైసమ్మ దగ్గరికి పోయేది ఆ బాటనే. చివరికి ఒకామె, చెప్పాలా వద్దా అన్నట్టుగా, "మా వాడ శవాలు గట్లనే పోతయి" అన్నది. దళితవాడ శ్మశానం ఆ బాట చివర ఉంది. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో పాడె పోయే బాట అది. రోజూ వంద మంది నడిచే దారి ఎంత అవసరమో, ఏడాదికి రెండుసార్లు పాడె పోయే దారీ అంతే అవసరం. చిత్తుప్రతిలో శ్మశానం ఊసే లేదు.

ఇక చట్టం సంగతి. ఊళ్లోని ప్రజా రహదారులు గ్రామ పంచాయతీకి దఖలు పడి ఉంటాయి. 1994 చట్టంలోనూ ఉంది, తెలంగాణ 2018 చట్టంలోనూ ఉంది. దఖలు పడటం అంటే సొంతం కావడమని మన పెద్దమనుషులు అనుకుంటారు. కాదు. దీనిమీద సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లోని మంగ్లౌర్ (ఇప్పుడది ఉత్తరాఖండ్‌లో ఉంది) మునిసిపాలిటీ రోడ్డు పక్క జాగాలో గాంధీ విగ్రహం, చలివేంద్రం, చదువుకునే గది కడతానన్నది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1965 లా రిపోర్టుల్లో ఆ తీర్పు ఉంది. రాసింది మన తెలుగువాడే, జస్టిస్ కోకా సుబ్బారావు. దారి దారిగా ఉండటానికి, దాన్ని బాగుచేయడానికి ఎంత అవసరమో అంతవరకే మునిసిపాలిటీకి హక్కు, దానితో సంబంధం లేని కట్టడం వేయడానికి వీల్లేదన్నారు. గాంధీ విగ్రహానికే చెల్లని హక్కు రేకుల షెడ్డు కోసం చెల్లుతుందా?

2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అదే కోర్టు ఇంకా గట్టిగా మాట్లాడింది. అది పంజాబ్‌లో ఒక ఊరి చెరువు జాగా తగాదా. ఎన్నేళ్లుగా ఆక్రమించుకుని ఉన్నా, ఎంత డబ్బు పెట్టి కట్టుకున్నా, ఊరి ఉమ్మడి భూమిని క్రమబద్ధం చేయడానికి అది సాకు కాదన్నది. రెండేళ్ల ముళ్లకంచె ఎంతపాటిది!

అయితే బాటను ఎప్పుడూ వదులుకోకూడదా? కూడదని నేననను. నిజంగా ఎవరికీ పనికిరాని దారులుంటాయి. పాతదానికి బదులు ఇంకా మంచిది వచ్చినప్పుడు పట్టుబట్టి కూర్చోవడం తెలివి కాదు. నేనడిగేది పద్ధతి. 1888 నాటి బొంబాయి మునిసిపల్ చట్టం చూడండి. రోడ్డును శాశ్వతంగా మూయాలంటే, ఆ విషయం తేల్చే సమావేశానికి కనీసం నెల ముందు ఆ వీధిలోనే నోటీసు పెట్టాలి, రాతపూర్వకంగా వచ్చిన అభ్యంతరాలను పరిశీలించాలి. ఇంగ్లండులో 1980 రహదారుల చట్టం ప్రకారం కౌన్సిల్ మేజిస్ట్రేట్ కోర్టుకు పోయి దారి మూయించాలంటే 28 రోజుల నోటీసు ఇవ్వాలి, దాన్ని దారి కొసల దగ్గర అంటించాలి. అదే చట్టంలో నాకు బాగా నచ్చిన మాట ఇంకొకటి ఉంది. కాలిబాట జనానికి అవసరమా కాదా అని తేల్చేటప్పుడు, నడవకుండా అడ్డుపడుతున్న తాత్కాలిక కారణాలను లెక్కలోకి తీసుకోకూడదు. అంటే కంచె వేసి, జనం రావడం లేదని చూపించడం అక్కడ చెల్లదు. మేకల పెద్దమ్మ ఆ చట్టం చదవలేదు, అదే మాట చెప్పింది.

మన దగ్గర పట్నంలో సికింద్రాబాద్ కంటోన్మెంట్ గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. భద్రత పేరుతో రోడ్లు మూస్తూ పోతే, బళ్లకూ పనులకూ పోయే జనం ఏళ్ల తరబడి చుట్టు తిరిగారు. పద్ధతి ప్రకారం మూయని రోడ్లను తెరవమని 2018 మేలో రక్షణ శాఖ ఆదేశించింది. అక్కడ కాలనీ సంఘాలున్నాయి, వాళ్ల మాట పేపర్లలో వచ్చింది. మన బండ్ల బాటకు పేపరు విలేకరి రాడు.

ఈ ప్రాంతంలో బాటలు పోవడం కొత్తగాదు. కొండపోచమ్మ సాగర్ కింద బహిలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి పోయాయి. 2020 మే 29న జలాశయం ప్రారంభమైంది. ఊళ్లతో పాటు ఊళ్ల మధ్య బాటలూ నీళ్లలోకి పోయాయి, వాటిమీద ఆడవాళ్లు కట్టుకున్న పుట్టింటి రాకపోకలూ పోయాయి. నీళ్లు వచ్చాయి, కాదనను. కానీ నీళ్లు వచ్చాక భూమి ధరా వచ్చింది, భూమి ధరతో పాటు కంచెలూ వచ్చాయి.

ఇక చేయాల్సింది. ముందు నక్షా సంపాదించండి. తహసీల్దార్ కార్యాలయంలో అడగండి, ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. నిజాం కాలం సర్వే నక్షాల్లో బండ్ల బాట చుక్కల గీతలుగా కనిపిస్తుంది. చాలాచోట్ల ఆ గీత పట్టా సర్వే నంబర్లలోంచే పోతుంది, పాసుపుస్తకంలో మాత్రం కనిపించదు. పాసుపుస్తకం చూపించి "బాట లేదు" అనేవాళ్లకు నక్షా చూపించండి. కంచె ఉంటే, ప్రజల దారికి అడ్డు తొలగించమని ఆర్డీఓకు అర్జీ పెట్టవచ్చు. వెనక అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను, 2024 జూలై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షను. అర్జీ మీద సంతకాలు ఆ బాట నడిచినవాళ్లవి కావాలి. మగవాళ్లవి కూడా తీసుకోండి, పాడె మోసేది వాళ్లే గదా.

గ్రామసభ రెండు నెలలకొకసారి జరగాలని 2018 చట్టం చెబుతోంది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా మన ఊళ్లకు ఎన్నికైన పంచాయతీలే లేవు, ప్రత్యేకాధికారులు నడిపారు. ఆ కాలంలో ఎక్కడెక్కడ కంచెలు పడ్డాయో మీ మీ ఊళ్లలో నడిచి చూడండి. కొత్త సర్పంచులైన అక్కలకు నాదొక విన్నపం. బాట కాగితం సంతకానికి వస్తే, ముందు ఆ బాటను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి కాలినడకన పోయి రండి. మీ ఆయన పోయి చూసొచ్చానంటే సరిపోదు.

నేను చెప్పిన ఊళ్లో ఆ చిత్తుప్రతి గ్రామసభకు వచ్చింది. ఆడవాళ్లు నలభై మంది దాకా వచ్చారు, అంతమందిని చూసి కుర్చీలు చాలలేదు. శ్మశానం మాట లేచేసరికి మగవాళ్లలో కూడా సగం మంది ఇటు తిరిగారు. తీర్మానం వాయిదా వేశారు. వాయిదా అంటే రద్దు కాదు, కంచె ఇంకా అట్లనే ఉంది. ఆర్డీఓకు ఇచ్చిన అర్జీకి నంబరు పడింది, విచారణ తేదీ రావాలి. ఆ తేదీ తెలియగానే మీ సంఘాలకు కబురు పెడతాను. వచ్చేవాళ్లు ఆటోల్లో రాకండి. బాట మొదట్లో దిగి, పెద్దమ్మ మేకలతో పాటే నడిచి రండి.