రంగు చూసి బ్రేకు కొనరాదు

(తాడేపల్లిగూడెంలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో వాహనాల మరమ్మతు విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల సమావేశంలో దాణా గురించో, గాలికుంటు టీకాల గురించో మాట్లాడవలసింది పోయి బ్రేకుల సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. మీరు తెల్లవారకముందే పితికి పోసిన పాలు చివరకు చేరేది టాంకరులోకే. పదివేల లీటర్ల పాలు పది టన్నుల బరువు దాటుతాయి. అంత బరువుతో 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. వేగం రెట్టింపయితే, బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది. పైగా సగం నిండిన టాంకరులో పాలు ముందుకు తన్నుకొచ్చి బండిని ఇంకా తోస్తాయి.

మన గూడెం మీదుగా పోయే 16వ నెంబరు జాతీయ రహదారిపై ఉల్లిపాయల లారీలు, కొల్లేటి చేపల లారీలు, మన పాల బండ్లు అన్నీ కలిసే తిరుగుతాయి. వీటిలో అత్యధికం నేటికీ డ్రమ్ము బ్రేకులవే. అయితే కొత్తరకం పెద్ద బండ్లు కొన్నిటికి గాలితో పనిచేసే డిస్కు బ్రేకులు వస్తున్నాయి. అందులో ముఖ్యమైన భాగం కాలిపర్.

డ్రైవరు పెడలు నొక్కగానే గాలి చాంబరులోకి పోయి ఒక కడ్డీని తోస్తుంది. ఆ కడ్డీ కాలిపర్ లోపలి మీటను నొక్కితే, లోపలివైపు ప్యాడ్ డిస్కును అదుముతుంది. అప్పుడు కాలిపర్ తన పిన్నుల మీద జారి, బయటివైపు ప్యాడ్‌ను కూడా లాగి అదుముతుంది. పిన్నులు సులువుగా జారినంతకాలం బాధ లేదు. వాటిని కాపాడే రబ్బరు తొడుగు చిరిగితే నీరు, బురద లోపలికి చేరి తుప్పు పడుతుంది. కొల్లేటి గట్ల మీద వానాకాలం తిరిగే బండ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

కొత్త కాలిపర్ ఖరీదు ఎక్కువ. అందుకే పాతదాన్ని తిరిగి తయారుచేసి అమ్మే పద్ధతి వచ్చింది. ఐరోపా, అమెరికా దేశాలలో పేరున్న బ్రేకుల కంపెనీలే ఈ పని చేస్తున్నాయి. వెనుకటి గాజు పాలసీసాకు ధరావతు కట్టినట్టే, అక్కడ పాత కాలిపర్ తిరిగి ఇస్తే కొంత సొమ్ము వాపసు ఇస్తారు. ఇది మంచి పద్ధతి. బరువైన పోత ఇనుము వృథా కాదు, ఖర్చూ తగ్గుతుంది. పాత సామాను బాగుచేయడంలో మన బెజవాడ ఆటోనగరు పనివారి నేర్పు కూడా తక్కువేమీ కాదు.

అయితే మాకు ఎదురైన ఒక అనుభవం మనవి చేస్తాము. ఒకసారి అద్దె టాంకరుకు చౌకగా దొరికిందని ఒక కాలిపర్ వేయించాము. నల్లగా నిగనిగలాడుతూ కొత్తదానిలాగే ఉంది. వారం తిరగకుండానే డ్రైవరు వచ్చి, “బండి ఎడం పక్కకి లాగేత్తందండి, చక్రం దగ్గర మాడు వాసన వత్తందండి” అన్నాడు. విప్పి చూస్తే లోపల పాత పిన్నులే, పాత తొడుగులే. పైన మాత్రం కొత్త రంగు. పిన్ను బిగుసుకుపోయి లోపలి ప్యాడ్ అరిగిపోయింది. డ్రైవరు చెప్పిన మాట మేము విన్నాము కనుక సరిపోయింది. తప్పు అమ్మినవారిదే కాదు, అడగకుండా కొన్న మాది కూడా.

పాలు తెల్లగా ఉన్నాయని మనం పోయించుకుంటామా? లాక్టోమీటరు పెడతాము, వెన్న శాతం తీస్తాము. కాలిపర్‌కూ అదే న్యాయం. బిల్లు మీద సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి.

1. పూర్తిగా విప్పి, కడిగి, పోతలో పగుళ్లు, అరుగుదల చూశారా?

2. పిన్నులు, బుష్షులు, రబ్బరు తొడుగులు, సీళ్లు అన్నీ కొత్తవి వేశారా?

3. తయారయ్యాక ఒక్కొక్కదాన్నీ పరీక్షించారా? పట్టు బలంగా పడుతున్నదా, వదిలినప్పుడు సరైన ఎడం వస్తున్నదా?

4. దాని మీద నెంబరు, తయారుచేసినవారి పేరు, రాతపూర్వకమైన గ్యారంటీ ఉన్నాయా?

వీటిలో దేనికి జవాబు రాకపోయినా అది పునర్నిర్మించిన కాలిపర్ కాదు, రంగు వేసిన పాత ఇనుము. ఎంత తక్కువకు వచ్చినా వద్దనండి.

మరి రెండు మాటలు. ప్యాడ్లు మార్చితే ఒకే ఇరుసుకున్న రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. వెనుక చక్రాల చాంబరులో బలమైన స్ప్రింగు అణిగి ఉంటుంది. తెలియనివారు దాన్ని విప్పితే ఎగిరి తగిలి ప్రాణం తీయగలదు. ఆ పని తెలిసినవారికే అప్పగించండి.

ఖర్చుల పట్టిక చదివేటప్పుడు మరమ్మతుల పద్దు తగ్గిందని సంతోషించే ముందు, ఎలా తగ్గిందో అడగండి. అడిగే హక్కు మీకుంది. టాంకరు చేరవేసే పాలు మీవి, దాన్ని నడిపే డ్రైవరు మీలో ఒకరి బిడ్డ.