ఇవ్వవలసినది ఇచ్చిన తరువాతే దానం

(వింజమూరులో పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక అర్చకుడు చేసిన ప్రసంగ పాఠం)



గుడిలో మంత్రం చెప్పడానికి అలవాటుపడిన నోటికి మైకు ముందు మాట్లాడాలంటే కొంచెం బెరుకుగానే ఉంటుంది. పైగా మీలో చాలామంది బడుల్లో పాఠాలు చెప్పి, ఆఫీసుల్లో ఫైళ్ళు నడిపి, నాకంటె ఎక్కువగా లోకాన్ని చూచినవారు. అయినా కార్యదర్శిగారు, "విశ్వాసం, అన్యాయం, దానధర్మాలు, ఇప్పుడు ప్రపంచంలో జరుగుతున్న గొడవలు, వీటి గురించి ఒక పూజారి ఏమనుకుంటాడో చెప్పండి" అన్నారు. శాస్త్రం చెప్పే పండితులు వేరే ఉన్నారు. గర్భగుడి గడప దగ్గర నిలబడి నేను విన్నవీ, నాకు తోచినవీ మాత్రమే మీకు మనవి చేస్తాను.

మా వృత్తిలో మూడు మాటలున్నాయి. దక్షిణ, దానం, భిక్ష. పైకి చూస్తే మూడూ ఒకటే. ఇచ్చేవాడొకడు, పుచ్చుకునేవాడొకడు. కాని వీటి మధ్య తేడా చాలా ఉంది. చేయించుకున్న కార్యానికి ఇవ్వవలసినది దక్షిణ. దక్షిణ లేని యజ్ఞానికి ఫలం లేదని మన పెద్దలు చెప్పారు. అంటే అది ఇచ్చేవాడి దయ కాదు, ఆ కార్యంలోనే ఒక భాగం. తనదైన దానిలోనుంచి, ఎవరూ బలవంతపెట్టకుండా, మనస్ఫూర్తిగా ఇచ్చేది దానం. ఆకలిగొన్నవాడు వాకిట్లో నిలబడితే ఆ పూటకు పెట్టేది భిక్ష.

ఈ తేడా ఈ సభకు నేను చెప్పనక్కరలేదు. ఈరోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. డి.ఎస్. నకారాగారు రక్షణ మంత్రిత్వ శాఖలో ఆర్థిక సలహాదారుగా పనిచేసి 1972లో రిటైరైనవారు. 1979 మార్చి 31న గాని, ఆ తరువాత గాని రిటైరైనవారికే మెరుగైన పెన్షను లెక్క వర్తిస్తుందని ప్రభుత్వం ఒక గీత గీసింది. ఒకే పని చేసినవారిలో గీతకు ఇవతలివారికి ఒక న్యాయం, అవతలివారికి ఒక న్యాయం ఏమిటని ఆయన అడిగారు. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌గారితో కూడిన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ గీతను చెరిపివేసింది. తీర్పు వ్రాసినవారు జస్టిస్ డి.ఎ. దేశాయ్‌గారు. పెన్షను యజమాని దయ మీద ఆధారపడినది కాదని, వయసులో ఉండగా చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని అందులో స్పష్టం చేశారు. నా భాషలో చెప్పాలంటే, పెన్షను భిక్ష కాదు, దానం కూడా కాదు. అది దక్షిణ.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది కూడా ఇదే. లోకంలో అన్యాయం ఎక్కువగా ఎక్కడ పుడుతున్నదంటే, దక్షిణగా ఇవ్వవలసినది ఎగవేసి, అందులోనుంచి పిడికెడు తీసి దానమని పంచడంలో పుడుతున్నది.

మన పక్క మండలం కలిగిరిలోని దూబగుంట సంగతి మీకందరికీ తెలుసు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. మీలో ఉపాధ్యాయులుగా పనిచేసినవారు కొందరు ఆ రాత్రి బడుల్లో పలకలు పంచే ఉంటారు. పగలంతా కూలి చేసి, రాత్రి లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు చదివిన పాఠాన్ని పుస్తకంలోనే ఉంచలేదు. తమ కూలిడబ్బులు సారా కొట్టుకు ఎలా పోతున్నాయో లెక్క కట్టుకున్నారు. 1992లో దూబగుంట స్త్రీలు ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మగారి పేరు అప్పటినుంచే రాష్ట్రమంతా తెలిసింది. ఆ పోరాటం ఊరూరా ప్రాకింది, సారా వేలంపాటలను అడ్డుకుంది. 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలోను, అదే సంవత్సరం అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయిన మాట నిజమే. రోశమ్మగారు 2016లో కాలం చేశారు.

ఇందులో నేను గమనించిన విషయం ఒకటి ఉంది. ఆ ఆడవాళ్ళు ఎవరినీ బియ్యం అడగలేదు, చీరలు అడగలేదు. మా కష్టార్జితం మా ఇంటికి రావాలి అన్నారు. అంతే. అటువంటి ఇంటికి పండుగనాడు ఎవరైనా ఒక చీర తీసుకువెళ్ళి ఇస్తే పుణ్యమే, కాదనను. కాని ఆ చీర వల్ల సారా కొట్టు మూతపడదు. దానం ఆ పూట ఆకలి తీరుస్తుంది. ఆ ఆకలి మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తున్నదని అడగవలసినది ధర్మం. ధర్మాన్ని వదిలిపెట్టి దానం ఒక్కటే చేస్తే, చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే.

అట్లాగని దానాన్ని తక్కువ చేయలేము. మన పడమటి మెట్టలో పుట్టిన మహానుభావుడు అవధూత కాశినాయన. సీతారామపురం మండలం బెడుసుపల్లిలో 1895లో జన్మించి, 1995లో కడప జిల్లా జ్యోతి క్షేత్రంలో దేహం చాలించారు. పాడుపడిన గుళ్ళను బాగుచేయించడం, వచ్చినవారికి అన్నం పెట్టడం, ఈ రెండే ఆయన పెట్టుకున్న పని. ఆయన పేరు మీద ఈనాటికీ అన్నదాన సత్రాలు నడుస్తున్నాయి. గుడి కట్టి పొయ్యి వెలిగించకపోతే ఆ గుడి సగమేనని ఆయన జీవితం చూచి నేను నేర్చుకున్నాను.

పరాయి మతంవారి నుంచి కూడా నేర్చుకోవలసినది ఉంది. 1876 నుండి 1878 వరకు వచ్చిన పెద్ద కరువు గురించి మన తాతముత్తాతలు కథలుగా చెప్పుకున్నారు. అప్పట్లో ఒంగోలు మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన జాన్ క్లౌగ్ దొర బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకం కంట్రాక్టుకు తీసుకొని, కరువు బాధితులకు పని చూపించి కూలి ఇప్పించాడు. ఆ కరువు పనులు జరిగినన్నాళ్ళు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన అభిప్రాయం. ఆయన మతం నా మతం కాదు. అయినా ఈ రెండు పనులూ నాకు నచ్చాయి. ఒకటి, చేతనైనవాడికి భిక్ష కాక కూలి ఇప్పించడం. రెండు, పెట్టిన అన్నానికి ప్రతిఫలంగా ఎదుటివాడి మనసును అడగకపోవడం.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. గుడిలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు తిరుగుతూ ఉంటుంది. గంట మీద పేరు, గోడ మీద పేరు, అన్నం గుండిగ మీద పేరు. పేరు వ్రాయించుకోవడం పాపమని నేను అనను, దాని వల్ల మరొకరికి బుద్ధి పుట్టవచ్చు. కాని అన్నదానానికి వేలు చదివించే భక్తుడు, తన ఇంట్లో అంట్లు తోమే అమ్మకు, తన పొలంలో కోతకు వచ్చిన కూలీకి ఇవ్వవలసినది నెలలు త్రిప్పుతుంటే, ఆ అన్నం ఎవరి అన్నం? అది దాత పెట్టిన అన్నం కాదు, ఆ కూలీ పెట్టిన అన్నం. పేరు మాత్రం వేరొకరిది. తైత్తిరీయోపనిషత్తు ఇచ్చేవాడు అణకువతో ఇవ్వాలని చెప్పింది. ఆ అణకువ ఎందుకంటే, మన చేతిలో ఉన్నదంతా మనదే కాదని గుర్తుండటానికని నేననుకుంటాను.

ఇక ప్రపంచంలో అశాంతి. సాయంత్రం హారతి అయిన తరువాత మండపంలో కూర్చున్నవాళ్ళు పేపరు చూచి యుద్ధాల గురించి వాదించుకుంటారు. "స్వామీ, ఎక్కడో వాళ్ళు కొట్టుకుంటే మనకేమిటి?" అంటారు కొందరు. ఎక్కడో అనుకోవడానికి వీల్లేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువాయిట్‌లో దిగితే, బ్రతుకుతెరువుకు వెళ్ళిన మనవాళ్ళు ఒక్క రోజులో నిలువనీడ లేనివారైనారు. దాదాపు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కు తీసుకువచ్చారు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేస్తే, అక్కడ డాక్టరీ చదివే మన పిల్లలు బంకర్లలో తలదాచుకున్నారు. ఆ దేశం నుంచి రావలసిన సన్‌ఫ్లవర్ నూనె రాక, ఇక్కడ బాణలిలో పోసే నూనె ధర పెరిగింది. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మందిని చంపారు. ఆ తరువాత గాజాలో పదుల వేల మంది చనిపోయారు. వారిలో పసిపిల్లలు ఎందరో. ఏ పక్షం పిల్లవాడైనా తల్లి ఏడుపు ఒకటే.

యుద్ధం మన నేలకు కొత్త కాదు. కనుచూపు మేరలో ఉన్న ఉదయగిరి దుర్గం చుట్టూ శ్రీకృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నర ముట్టడి సాగించి 1514లో గెలిచారు. ఆ గెలుపుకు గుర్తుగా కోటలోని బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకువెళ్ళారు. ఓడినవారి దేవుడు కూడా ఇల్లు మారవలసి వచ్చిందన్నమాట.

మరి పూజారి ఏమి చేయగలడు? మేము చేసేది చిన్నదే. సంకల్పం చెప్పేటప్పుడు మీరు విని ఉంటారు. ముందు కాలం, తరువాత ద్వీపం, దేశం, నదులు, ఆఖరున గోత్రం, పేరు. ఆ పైననే మీ కోరిక. అంటే మన కోరిక చెప్పుకునే ముందు మనం ఎంత పెద్ద లోకంలో ఒక మూల ఉన్నామో చెప్పుకోవాలి. చివరకు శాంతి అని మూడుసార్లు అంటాము. ఒకటి ప్రకృతి వల్ల కలిగే బాధ పోవడానికి, ఒకటి తోటి ప్రాణుల వల్ల కలిగేది పోవడానికి, ఒకటి మనలోనుంచి మనకే పుట్టేది పోవడానికి. వరదకు, కరువుకు దేవుణ్ణి ప్రార్థించవచ్చు. మూడవదానికి మాత్రం మనమే పూనుకోవాలి. ఆత్మకూరు పక్కన అనుమసముద్రంపేట దర్గాలో హిందువులు, ముస్లిములు ఒకే నీడన కూర్చుని తమ కష్టం చెప్పుకుంటారు. వారికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇక అందరూ అడిగే ప్రశ్న. దేవుడుంటే ఇంత అన్యాయం ఎందుకు? 2021 కరోనాలో చేతికి అందివచ్చిన కొడుకును పోగొట్టుకున్న ఒక పెద్దాయన, "ఏ జన్మలో ఏం పాపం చేశానయ్యా?" అని నన్ను అడిగారు. కర్మ అని ఒక్క మాట చెప్పి పంపవచ్చు. నాకు నోరు రాలేదు. కర్మ సిద్ధాంతం నన్ను నేను దిద్దుకోవడానికి ఉన్నది గాని, ఎదుటివాడి దుఃఖానికి తీర్పు చెప్పడానికి కాదు. ఆకలితో ఉన్నవాడిని చూచి అది వాడి ఖర్మ అనేవాడు, నిజానికి తన చేయి చాచకుండా తప్పించుకుంటున్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి ఆయనే లేచి, "కోడలు, పిల్లలు ఉన్నారు, వెళ్ళాలి" అన్నారు. నేను చూచిన విశ్వాసం అది. ప్రశ్నకు జవాబు దొరక్కపోయినా, చేయవలసిన పని కోసం లేచి నిలబడటం.

కాబట్టి మీకు ఒక్కటే మనవి. ఒకటో తేదీన పెన్షను పడకపోతే మనసు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. ఆ బాధ మీ ఇంట్లో పనిచేసే మనిషికి మీ వల్ల రానివ్వకండి. ముందు ఇవ్వవలసినవారికి ఇవ్వండి. ఆ మిగిలినదానిలో చేతనైనంత దానం చేయండి. సారా కొట్టు వంటిది ఊళ్ళో కనిపిస్తే, వయసైపోయిందని ఊరుకోకుండా ఒక అర్జీ వ్రాయండి. అర్జీ వ్రాయడంలో మిమ్మల్ని మించినవారు ఎవరున్నారు?

 మీకందరికీ ఆయురారోగ్యాలు, మీ పిల్లలకు, మనవలకు క్షేమం కలగాలని ఆ భగవంతుణ్ణి ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.