మోటారు సైకిలు దుకాణమువారితో వ్యవహారము



నేటి నా ప్రసంగము పురాణమును గూర్చినది కాదు, కావ్యమును గూర్చినదియు కాదు. మోటారు సైకిలు కొనిన పిమ్మట, దానిని అమ్మినవారు మన మొర ఆలకింపనియెడల మనము చేయవలసిన దేమి యనునదియే నేటి విషయము. బడిలో వ్యాకరణము చెప్పి విశ్రాంతి గొన్న పంతులునకు ఈ యంత్రముల గొడవ యెందులకని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని నేడు మన పల్లెలలో మోటారు సైకిలు లేని వీధి కానరాదు. పాలు చేరవేయువాడును, కూరగాయలు మోయువాడును, పొలమునకు పోవు రైతును దానిమీదనే ఆధారపడి యున్నారు. ఆ బండి నిలిచిన దినమున ఇంటి రాబడియు నిలుచును. కావున ఇది పెద్దలు చెవియొగ్గవలసిన విషయమే.

మన తాతలు సంతలో ఎద్దులను కొనునప్పుడు పండ్లు పట్టి చూచెడివారు, సుడులు లెక్కించెడివారు, కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించి నడక గమనించెడివారు. ఎద్దును గూర్చి అమ్మువానికి తెలిసినంత కొనువానికిని తెలిసియుండెను. యంత్రము సంగతి అట్లు కాదు. 2020 ఏప్రిలు 1వ తేదీ నుండి మన దేశమున బి.యస్. 6 అను పొగ నియమము అమలులోనికి వచ్చినది. దానితో పెక్కు బండ్లలో పూర్వపు కార్బొరేటరు పోయి, పెట్రోలును కొలతప్రకారము చిమ్ము ఇంజెక్షను పద్ధతి వచ్చినది. అట్టి బండిలో దోషమెచట నున్నదో తెలియుటకు, తీగె తగిలించి చూచు పరికరము పలుమారులు అవసరమగును. వీధిచివర చెట్టునీడన కూర్చుండు మెకానిక్కు ఎంత నేర్పరియైనను, ఆ పరికరము లేనిచో కొన్ని దోషములను కనిపెట్టజాలడు. అందువలన కొనినవాడు అమ్మినవానియొద్దకే మరల మరల పోవలసి వచ్చుచున్నది. ఒకరిమీద మరియొకరు ఇంతగా ఆధారపడిన చోటనే అలక్ష్యము పుట్టును.

వస్తువును కొని, దోషమును కనుగొని, తిరిగి యిచ్చు వ్యవహారము మనకు కొత్తది కాదు. ధర్మశాస్త్రములలో దీనికి క్రీతానుశయమని పేరు. కొనిన వస్తువును పరీక్షించుకొనుటకు యాజ్ఞవల్క్యస్మృతి గడువులను సైతము నిర్ణయించినది. విత్తనములకు పది దినములు, ఇనుమునకు ఒక దినము, పాడిపశువునకు మూడు దినములు, బరువు మోయు పశువునకు ఐదు దినములు, రత్నములకు ఏడు దినములు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన తెనుగు చేసెను. కొనువాని పక్షమున ధర్మము నిలుచుట ఈ దేశమున ఎంత పాతమాటయో దీనినిబట్టి గ్రహింపవచ్చును. ఆ స్మృతియే వ్యవహారమున ప్రమాణములు మూడని చెప్పినది: లిఖితము, భుక్తి, సాక్షులు. వీనిలో లిఖితము మొదట వచ్చినది. నేను నేడు చెప్పదలచినదంతయు ఆ యొక్క మాటలో నిమిడియున్నది. నోటిమాట గాలిలో కలియును, వ్రాత నిలుచును.

ఇక కొనునాటి సంగతి. దుకాణమువాడు బండివెల ఇంతయని మొత్తముగా చెప్పినప్పుడు ఒప్పుకొనరాదు. బండిధర యెంత, రిజిస్ట్రేషను రుసుమును రోడ్డుపన్నును ఎంత, భీమా యెంత, అదనపు సామగ్రి యెంత యని విడివిడిగా కాగితముమీద వ్రాయించుకొనవలయును. పేరు తెలియని ఖర్చు ఏదైన అందు కనబడినచో, అది యే నియమము ప్రకారము వసూలు చేయుచున్నారని నెమ్మదిగా అడుగవలయును. అడిగినంతమాత్రమున తగ్గిపోవు ఖర్చులు కొన్ని కలవు. కొత్త ద్విచక్రవాహనమునకు పరులకు కలుగు నష్టమునకై ఐదేండ్ల భీమా 2018 సెప్టెంబరు 1 నుండి తప్పనిసరి యైనది. కాని ఆ భీమాను ఏ సంస్థవద్ద కొనవలెనో నిర్ణయించుకొనుట కొనువాని యిష్టము. బండితోపాటు ప్రమాణముద్ర గల శిరస్త్రాణమును, అనగా హెల్మెట్టును, ఇయ్యవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో నున్నది. దానిని అడిగి పుచ్చుకొనుడు. బిల్లుమీది ఇంజను సంఖ్యను, ఛాసిస్ సంఖ్యను బండిమీది సంఖ్యలతో సరిచూచుకొనుడు. బిల్లు ఈయకుండుట కేవలము అమర్యాద మాత్రమే కాదు. 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము దానిని అనుచిత వ్యాపారపద్ధతులలో నొకటిగా లెక్కించినది.

తరువాత సర్వీసునాటి సంగతి. మనవారు ఎక్కువగా నష్టపడునది ఇచ్చటనే. బండిని అప్పగించినప్పుడు దుకాణమువారు ఒక కాగితము వ్రాయుదురు. దానిని జాబ్ కార్డు అందురు. తెనుగున జాబు అనగా ఉత్తరము గదా. ఈ కార్డును గూడ మనము దుకాణమునకు వ్రాయు ఉత్తరముగనే భావింపుడు. అందు తేదీ, బండి నడచిన కిలోమీటర్లు, మనము చెప్పిన దోషము, అగు ఖర్చు అంచనా, బండి తిరిగి యిచ్చు దినము ఉండవలయును. పెక్కుమంది దానిని చదువకయే సంతకము చేయుదురు. అందు "జనరల్ సర్వీసు" అని మాత్రమే వ్రాసియుండును. తరువాత తగవు వచ్చినచో, మనము ఏ దోషమును చెప్పలేదనుటకు ఆ కాగితమే సాక్ష్యమగును.

దీనికొక నిదర్శనము చెప్పెదను. నావద్ద చదువుకొనిన యువకుడొకడు మా గ్రామమునుండి పాలకేంద్రమునకు పాలు చేరవేయుచుండును. నెలసరి వాయిదాలమీద కొత్తబండి కొనెను. మూడవ నెల యైనను కాకమునుపే, ఆరేడు కిలోమీటర్లు నడచిన పిమ్మట బండి దారిలో నిలిచిపోవ నారంభించెను. పట్టణమునందలి దుకాణమునకు రెండు పర్యాయములు తీసికొనిపోయెను. రెండు పర్యాయములును వారు బండిని కడిగి, నూనె మార్చి, "కొత్తబండి గదండీ, తిరగ్గా తిరగ్గా సర్దుకుంటుంది" అని చెప్పి పంపిరి. ఆ రెండు కార్డులలోను దోషము మాట లేదు. పాలు విరిగి పారబోసిన దినములును ఉన్నవి. "పంతులుగారూ, నా మాట వాళ్లు వినటంలేదు, మీరొకసారి రండి" అని వాడు అడుగగా మూడవ పర్యాయము నేనును వెంట పోతిని.

బల్లవద్ద కూర్చున్న కుర్రవాడు ఈసారియు "జనరల్ చెకప్" అని వ్రాసెను. నేను వానిపై కోపింపలేదు. "నాయనా, ఇతడు చెప్పిన మాటలనే వ్రాయుము: ఆరేడు కిలోమీటర్లు నడచిన పిదప ఇంజను తనంతట ఆగిపోవుచున్నది, ఈ దోషముతో వచ్చుట ఇది మూడవ పర్యాయము" అంటిని. కంప్యూటరులో అట్టి గడి లేదని వాడు చెప్పెను. "అట్లయిన చేతితో వ్రాసి, క్రింద సంతకము చేసి, ముద్ర వేయుము" అంటిని. వాడు లోపలికి పోయి పెద్దమెకానిక్కును పిలుచుకొని వచ్చెను. ఆయన కాగితము చదివి, పాలవానిని వెనుక కూర్చుండబెట్టుకొని తానే బండి నడపెను. బండి ఆయనక్రిందనే దారిలో నిలిచిపోయెను. పెట్రోలు పంపులో దోషమని తేలినది. ఒక వారములో వారంటీ క్రింద ఖర్చులేకుండ మార్చిరి.

ఆ మూడవదినమున మారినది వారి మనస్సు కాదు, కాగితము. వారంటీ క్రింద మార్చిన భాగము వెలను దుకాణమువాడు తయారీసంస్థనుండి రాబట్టుకొనవలయును. దానికి దోషము వ్రాసిన కార్డు ఆధారము. వ్రాయని దోషమును బాగుచేయుట వానికి నష్టము. వ్రాసిన దోషమును విడిచిపెట్టుట వానికి ప్రమాదము. ఐతే ఒక సంగతి దాచను. పారబోసిన పాలకు, పనిలేక గడచిన దినములకు ఆ యువకునకు ఎవరును ఏమియు ఈయలేదు. చట్టప్రకారము అడుగవచ్చునని నేను చెప్పితిని. తిరుగుటకు తీరికలేదని వాడు మానుకొనెను. మొదటి కార్డుమీదనే దోషము వ్రాయబడియున్నచో ఆ నష్టమంతయు వానికి కలిగియుండదు.

వ్రాసి యిచ్చినను వారు కదలనియెడల ఏమి చేయవలయును? మెట్టు తరువాత మెట్టు ఎక్కవలయును. మొదటి మెట్టు దుకాణపు యజమానికి ఉత్తరము. అందు తిట్లు వలదు, తేదీలు కావలయును. ఏ దినమున ఏ దోషముతో వచ్చితిమి, వారేమి చెప్పిరి, మనకేమి కావలయును, ఎన్ని దినములలో కావలయును అని స్పష్టముగా వ్రాసి, స్పీడు పోస్టులో పంపి, నకలు దగ్గర నుంచుకొనవలయును. రెండవ మెట్టు అట్టి యుత్తరమునే తయారీసంస్థకు పంపుట. వారి చిరునామా బండితో వచ్చిన పుస్తకములో నుండును. మూడవ మెట్టు కేంద్రప్రభుత్వమువారి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము. ఫోనులో 1915 అను నాలుగంకెలు నొక్కినచో చాలును, రుసుము లేదు, తెలుగున మాటలాడవచ్చును. వారు తీర్పు చెప్పరు గాని, మన ఫిర్యాదును నమోదుచేసి సంస్థకు పంపి సమాధానము రాబట్ట యత్నింతురు.

ఒక్కని ఫిర్యాదువలన ఏమగునని నిరుత్సాహపడవలదు. విద్యుత్తుతో నడచు ద్విచక్రవాహనములను అమ్ము ఒక సంస్థమీద 2023 సెప్టెంబరు మొదలు ఒక యేడాదిలో ఆ సహాయకేంద్రమునకు పదివేలకు మించిన ఫిర్యాదులు చేరినవి. వానిని ఆధారముగా గొని కేంద్ర వినియోగదారుల సంరక్షణ ప్రాధికారసంస్థ 2024 అక్టోబరులో ఆ సంస్థకు సంజాయిషీ నోటీసు ఇచ్చినది. ఆ పదివేలలో ప్రతి యొక్కటియు ఎవరో యొకరు విసుగుపడక చెప్పిన మాటయే.

నాలుగవ మెట్టు జిల్లా వినియోగదారుల కమిషను. 1986లో మొదట వచ్చిన చట్టము స్థానమున, 2019 నాటి కొత్తచట్టము 2020 జులై 20 నుండి అమలునకు వచ్చినది. దానియందు మనకు ముఖ్యములైన సంగతులు ఐదు. ఒకటి, దుకాణము ఏ ఊరనున్నను, మనము కాపురముండు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. రెండు, చెల్లించిన వెల ఐదు లక్షల రూపాయలకు మించనియెడల ఫిర్యాదునకు రుసుము లేదు. మూడు, వకీలు లేకుండ మన మాట మనమే చెప్పుకొనవచ్చును. నాలుగు, తగవునకు కారణము పుట్టిన నాటినుండి రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలయును. ఐదు, వ్యాపారమునకై కొనినవానికి ఈ చట్టము వర్తింపకపోయినను, స్వయముగా కష్టపడి బ్రతుకుటకై కొనినవానికి వర్తించును. అనగా ఆ పాలయువకుడు ఈ చట్టమున వినియోగదారుడే. వస్తువును పరీక్షింపవలసిన పని లేనిచో మూడు నెలలలో, ఉన్నచో ఐదు నెలలలో తేల్చుటకు యత్నింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఆచరణమున జాగగుట కలదు. అందుచేతనే మొదటి మూడు మెట్లలో తీరు తగవును నాలుగవదానివరకు తేకుండుట మేలు.

మనవైపు ధర్మమును కూడ చెప్పవలయును. ఉచిత సర్వీసులకు చీటీలో వ్రాసిన గడువులోగా పోవలయును. గడువు దాటించి వారంటీ అడుగుట న్యాయము కాదు. ఉచిత సర్వీసన్నచో సాధారణముగా కూలి మాత్రమే ఉచితము; నూనెకు వెల యీయవలసియుండును. ఆ సంగతి ముందుగా తెలిసికొన్నచో సగము తగవులు పుట్టవు. బల్లవద్ద కూర్చున్న కుర్రవాడు మన పల్లెనుండి పోయి చిన్నజీతమునకు కుదిరిన బిడ్డయే కావచ్చును. వానిని తిట్టినందువలన బండి నడువదు. గొంతు తగ్గించి, కాగితము చూపి అడిగినవానికే మర్యాద దక్కును.

అక్షరజ్ఞానము గల పెద్దలకు నాదొక మనవి. మీ వీధిలో బండి కొనువాడు చదువురానివాడైనచో, వెంట పోయి వాని కార్డును చదివి వినిపింపుడు. బిల్లు, భీమా, సర్వీసు కార్డులు ఒక సంచిలో వరుసగా దాచుకొనుట నేర్పుడు. బ్రేకు పట్టుట లేదని ఒక బిడ్డ చెప్పగా బల్లవద్ద అది వ్రాయబడక పోయినచో, దాని ఫలము దుకాణములో కాదు, రోడ్డుమీద కనబడును. మీరు వ్రాయించు ఒక్క పంక్తి ఒకని జీవనమునేగాక ఒకని ప్రాణమును సైతము కాపాడవచ్చును.