గెలవాలనుకుంటే పొగరా?

(బౌరంపేటలో యువజనులు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగం)



టీవీల పాటల పోటీ వస్తుంటది. ఒక పిల్ల మైకు పట్టుకొని "నేనే గెలుస్తా" అంటది. వెంటనే మన ఇండ్లల్లనే ఒక మాట పడుతది: "అబ్బో, ఎంత పొగరు!" అదే పిల్ల తల వంచుకొని "అంతా గురువుగారి దయ" అంటే "ఎంత సంస్కారం!" అని మురిసిపోతం. దొర గడి ముందర చెప్పులు చేత పట్టుకొని నడిచినోళ్ల మనవరాండ్లకు ఇంకా వినయం నేర్పాల్నా?

ఏకలవ్యుని కథను గురుభక్తి కథ అని చెప్పిన్రు. అసలు అది పోటీ కథ. అర్జునునికి సాటి విలుకాడు ఉండడని ద్రోణుడు ముందే మాటిచ్చిండు. బొటనవేలు తర్వాతి సంగతి.

గుర్రం జాషువాను చూడండి. కవిత్వం విని మెచ్చుకున్నోళ్లే కులమేదని అడిగి లేచిపోయిన్రని ఆయనే పద్యంల రాసుకున్నడు. ఆ జాషువాకే చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గండపెండేరం తొడిగిండు. "నాకెందుకులెండి" అనలేదు జాషువా, తొడిగించుకున్నడు.

1996లో ఈటీవీల 'పాడుతా తీయగా' మొదలైనంక శ్రుతి, లయ, సంగతి అనే మాటలు మన వాడలకూ వచ్చినయి. బాలసుబ్రహ్మణ్యం పిల్లల తప్పులను ఓపికగా దిద్దేవాడు, కాదనం. కానీ కొలబద్ద అదొక్కటే అంటే ఒప్పుకోం. మాటీవీ 'రేలా రే రేలా'ల గోరటి వెంకన్న, సుద్దాల అశోక్‌తేజ న్యాయనిర్ణేతలుగ కూసున్నరు. అక్కడ పల్లెపాటే కొలబద్ద. మన యాస దాచుకొని పాడే పనిలేకుండె.

ఇగ ఎస్సెమ్మెస్ ఓట్ల సంగతి. ఇండియన్ ఐడల్‌ల 2006లో కారుణ్య రెండో స్థానంల ఆగిండు, 2010లో శ్రీరామచంద్ర గెలిచిండు. మనోడు అని మనమూ సంబరపడ్డం, తప్పులేదు. కానీ ఎవరి చేతిల ఫోనుండె, ఎవరి ఫోన్ల పైసలుండె? గొంతును మెచ్చేది చెవులు, గెలిపించేది జేబులు. ఇది తెలిసే పోటీకి పోవాలె. తెలిసిందని పోవుడు మానొద్దు.

తల్లిదండ్రులు "మనకెందుకు బిడ్డా" అంటరు. వాళ్లది పిరికితనం కాదు. పెద్దకులపు పిల్ల ఓడితే ఆ పిల్ల ఒక్కతే ఓడుతది. మన పిల్ల ఓడితే "వీళ్లింతే" అని వాడనంతా ఓడిస్తరు. ఆ భయం మాకు తెలుసు. బడిల చేయెత్తి జవాబు చెప్పబోయి, చుట్టూ చూసి చేయి దించుకునే పిల్లలను మేం రోజూ చూస్తున్నం. జవాబు రాక కాదు, తప్పయితే నవ్వుతరని. మరి 1907లో అంబేద్కర్ మెట్రిక్ పాసయితే మనోళ్లు సభ పెట్టి సన్మానం చేసిన్రు. ఒక్కడు గెలిస్తే అందరం గెలిచినం అనుకున్నరు. గెలుపును పంచుకున్నట్టే ఓటమినీ పంచుకుంటే పిల్ల మీద బరువు తగ్గుతది.

ఈ బౌరంపేట చుట్టూ పొలాలు విల్లాలయినయి. వాటి గోడల లోపల పిల్లలకు సంగీతం మాస్టరు ఇంటికొస్తడు. మన వాడల దప్పు కొట్టే తాత ఉన్నడు, బతుకమ్మ పాట ఎత్తుకుంటే ఊరంతా చప్పట్లు కలిపే అవ్వ ఉన్నది. వాళ్లకు ఫీజు లేదు.

వచ్చే ఏప్రిల్ 14న వాడలనే పాట, దప్పు పోటీలు పెడుతున్నం. తీర్పు చెప్పేది ఆ తాతలు, అవ్వలే. పేరిచ్చే పిల్లలు "గెలుస్తా" అని గట్టిగ చెప్పి పేరియ్యాలె. సభ అయినంక ఇక్కడ్నే రాసుకుంటం.