చేపల తొట్టి కారినప్పుడు



తపతీ తీరమున వెలసిన సూరతు నగరమనగానే తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది మగ్గము. తెలంగాణా జిల్లాలనుండి వలసవచ్చి లింబాయతు మొదలగు ప్రాంతములలో స్థిరపడిన నేతకుటుంబములు ఈ నగరమునకు ఎంతయో సేవ చేసినవి. వారు ఇచ్చట నిలిచిపోయినవారు. కేంద్ర ప్రభుత్వోద్యోగులు మాత్రము బదిలీపై వచ్చి, నాలుగేండ్లుండి, మరల మూట కట్టుకొని పోవువారు. వారి యిండ్లలో స్థిరముగా నిలుచు వస్తువులు తక్కువ. ఐనను పిల్లలు ఒక ఆదివారము పాల్ ప్రాంతమునందలి జగదీశచంద్ర బోసు పురపాలక అక్వేరియమును చూచి వచ్చినచో, ఆ సాయంకాలమే ఇంటిలోనికొక గాజు తొట్టి వచ్చును. 2014లో తెరువబడిన ఆ ప్రదర్శనశాల ఎందరి గృహములలో చేపలకు చోటు కల్పించినదో లెక్కించుట కష్టము.

వచ్చిన తొట్టి కొంతకాలము ముచ్చటగానే యుండును. తరువాత ఒకనాటి యుదయమున బల్ల క్రింద చిన్న మడుగు కనబడును. దానిపై గృహమున రెండు వాదములు బయలుదేరును. పారవేసి క్రొత్తది కొనవలెనని ఒకరు, చేపలతో సహా ఎవరికైన ఇచ్చివేయవలెనని మరియొకరు. క్రింది వాటాలోనివారి పైకప్పు తడిసినచో మూడవ వాదము కూడ వినవచ్చును. సాధారణమైన తొట్టిని బాగుచేసికొనుట సామాన్య గృహస్థునకు అసాధ్యమైన పని కాదు. దానికి కావలసినది ఓర్పు, ఒక సిలికోను గొట్టము, మూడు నాలుగు దినముల వ్యవధి.

పూర్వకాలపు తొట్టి వేరు. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు ప్రజలకై చేపల గృహము తెరువబడినది. ఆ తరము తొట్లకును, ఆ తరువాత చాలకాలమువరకు ఇండ్లలో వాడిన తొట్లకును ఇనుప చట్రము, అందులో గాజు పలకలు, సందులలో సుద్దపొడి, అవిసెనూనె కలిపిన లప్పము ఉండెడివి. నీరు తీసి ఎండబెట్టినచో ఆ లప్పము బీటలువారెడిది. 1960 దశకమునుండి సిలికోను వాడుకలోనికి వచ్చి చట్రము అవసరమే లేకుండ చేసినది. నేడు మన యిండ్లలోని తొట్టిని నిలబెట్టుచున్నది గాజును గాజుతో అతికిన ఆ పలుచని రబ్బరు పొర మాత్రమే.

ఆ పొర మోయు భారము తక్కువది కాదు. అరువది సెంటీమీటర్ల పొడవు, ముప్పది వెడల్పు, ముప్పది ఎత్తు గల తొట్టిలో 54 లీటర్ల నీరు పట్టును. అనగా 54 కిలోలు. ముందరి పలకను బయటికి నెట్టు బలము సుమారు 27 కిలోల బరువునకు సమానము. పొడవు మార్చక ఎత్తును రెట్టింపు చేసినచో ఆ బలము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. కావున రెండడుగుల ఎత్తు తొట్టిని ఇంటిలో అతుకుటకు పూనుకొనుట సాహసము. దానిని పనివానికి అప్పగించుటయే మేలు. గాజే పగిలినచో సిలికోను పూసి కప్పిపుచ్చరాదు, పలకను మార్పించవలెను.

ముందుగా నిజముగా కారుచున్నదా యని తేల్చుకొనవలెను. వర్షకాలమున సూరతు గాలిలోని తేమ చల్లని గాజుపై చెమటవలె పట్టును. గాలి గొట్టము వెంట నీరు జారి బల్లను తడుపుటయు కలదు. వేసవిలో నీటిమట్టము ఆవిరివలననే దిగును. తొట్టి వెలుపల పొడిగా తుడిచి, చుట్టును వార్తాపత్రిక పరచి, రాత్రి గడచిన తరువాత ఏ మూల కాగితము తడిసినదో చూడవలెను. నీటిమట్టము కొంత దిగి ఒకచోట నిలిచిపోయినచో లోపము ఆ యెత్తున నున్నదని గ్రహింపవచ్చును.

అయితే నీరు వెలుపల కనబడిన చోటనే లోపల రంధ్రమున్నదని నమ్మరాదు. నీరు పల్లమెరుగును, అతుకు లోపలనే జానెడు దూరము ప్రాకి, తనకు వీలైన చోట బయటపడును. వెలుపల పూసిన పూత నిలువకపోవుటకు ఇదియొక కారణము. లోపలి నీటి ఒత్తిడి ఆ పూతను గాజునుండి దూరముగా నెట్టును. లోపల పూసినదానినైతే గాజునకే అదిమి పట్టును.

చేపలను మార్చుటకు ముందు విద్యుత్తును ఆపివేయవలెను. తొట్టిలోని పాత నీటినే ప్లాస్టికు తొట్టెలో పోసి, అందు చేపలను విడిచి, గాలి మోటారు అమర్చి, పైన వల కప్పవలెను. ఫిల్టరులోని స్పంజీని కొళాయి క్రింద శుభ్రము చేయుట పలువురు చేయు పొరపాటు. చేపల మలమూత్రములనుండి పుట్టు అమ్మోనియాను హానిలేని రూపమునకు మార్చు సూక్ష్మజీవులు ఆ స్పంజీయందే కాపురముండును. కొళాయి నీటిలోని క్లోరిను వానిని చంపును. స్పంజీ చేపలతోపాటే పాత నీటిలో తడిగా ఉండవలెను. ఆ నాలుగు దినములు మేత తగ్గించిన చేపలకు నష్టము లేదు.

ఇక అసలు పని. ఎండిన పాత సిలికోనుపై క్రొత్త సిలికోను గట్టిగా పట్టదు. ఈ ఒక్క సంగతి తెలియకపోవుటవలననే నూటికి తొంబది మరమ్మతులు వ్యర్థమగుచున్నవని చెప్పినను తప్పులేదేమో! కారు మూల మాత్రమే గీకి పూసినచో, క్రొత్తపూత పాతపూతను కలియు చోట మరల నీరు దారి వెదకుకొనును. కావున లోపలి మూలలన్నిటి వెంబడి ఉన్న పూతను పూర్తిగా తీసివేయవలెను. బ్లేడును గాజునకు ఆనించి ఇరుప్రక్కల కోసినచో అది త్రాడువలె ఊడివచ్చును. రెండు పలకల నడుమనున్న పొరలోనికి మాత్రము బ్లేడు పోరాదు. తొట్టిని నిలబెట్టు పొర యదియే. మిగిలిన మరకలను క్రొత్త బ్లేడుతో గీకి, ఐసోప్రొపైలు స్పిరిటుతో తుడిచి, వ్రేలితో తడిమి చూడవలెను. ఎచ్చటనైన జిగురుగా తగిలినచో మరల గీకవలసినదే. ఈ పనికి ఒక పూట పట్టును. విసుగు పుట్టును. ఇందు తొందరపడినవాడు రెండు వారములలో ఇదే పనిని మరల చేయును.

సిలికోను కొనునప్పుడు గొట్టముపై అక్వేరియములకు తగినదని వ్రాసియున్నదానినే కొనవలెను. స్నానపుగదులకై అమ్ము రకములలో బూజు పట్టకుండుటకు కలుపు మందు చేపలకు విషము. అంగడివాడు రెండును ఒకటేయని చెప్పినను వినరాదు.

మూలకు ఇరువైపుల కొంచెము ఎడముగా మాస్కింగు టేపు అంటించి, నడుమ సిలికోనును తెంపులేకుండ వేసి, తడివ్రేలితో ఒకేసారి మూల పొడుగున నునుపు చేయవలెను. కొన్ని నిమిషములకే పైన తెట్టు కట్టును. ఆ పిమ్మట ముట్టుకొన్నచో చెడును. పూత పచ్చిగానుండగనే టేపును తీసివేయవలెను. ఘాటైన వెనిగరు వాసన వచ్చును. అది ఆరుచున్న సిలికోను విడుచు ఎసిటిక్ ఆమ్లపు వాసనయే కాన భయపడనక్కరలేదు. కిటికీలు తెరచియుంచిన చాలును.

ఇచ్చట సూరతువాసులకొక విశేషము. రంగు, వార్నిషు వర్షకాలమున సరిగా ఆరవని గృహస్థులకందరకు తెలిసినదే. సిలికోను గుణము దీనికి విరుద్ధము. గాలిలోని తేమను గ్రహించియే అది గట్టిపడును. కనుక శ్రావణమాసమున ఈ పని చేయుటకు సంకోచింపనక్కరలేదు. గాజు మాత్రము పూర్తిగా పొడిగా ఉండవలెను. పూత వెలుపలినుండి లోపలికి, దినమునకు రెండు మూడు మిల్లీమీటర్ల మందమున మాత్రమే గట్టిపడును. పైన ముట్టిన గట్టిగా తోచినను లోపల పచ్చిగానుండును. కనీసము మూడు దినములు ఆగుట మంచిది. పిల్లలు గంటకొకసారి వచ్చి అడుగుదురు. వారికి నచ్చజెప్పుట పెద్దల పని.

తరువాత తొట్టిని స్నానపుగదిలోనో, వరండాలోనో సమతలమున థర్మోకోలు పలకపై నుంచి సగము నింపి, కొన్ని గంటలు చూచి, పిదప పూర్తిగా నింపి ఒక దినము ఉంచవలెను. నిండిన తొట్టిని ఎన్నడును ఎత్తరాదు. బదిలీలపై తిరుగువారి తొట్లు తరచుగా కారుటకు కారణము ఇందే యున్నది: అడుగున గులకరాళ్లు, కొంత నీరు ఉండగనే ఎత్తుట, లారీలో ఎగుడుదిగుడు చెక్కపై పెట్టుట. తొట్టి మెలితిరిగినప్పుడు అతుకు లోలోపల చిరుగును. క్రొత్త ఊరిలో నీరు నింపిన తరువాతగాని ఆ సంగతి బయటపడదు.

పరీక్షకు పోసిన నీటిని పారబోసి, తొట్టిని కడిగి, దాని చోట నిలిపి, దాచిన పాత నీటిని ముందుగా పోయవలెను. కొరతను క్లోరిను పోగొట్టిన నీటితో నింపవలెను. హైపో చుక్కలు చేపల అంగళ్లలోనే దొరకును. స్పంజీని మరల అమర్చి, మోటారు నడిపించి, రెండు నీళ్లును ఒకే వెచ్చదనమునకు వచ్చిన పిమ్మట చేపలను ఒక్కొక్కటిగా విడువవలెను. మొదటి రాత్రి బల్లపై ఒక పొడి వార్తాపత్రికను పరచియుంచుట మరువరాదు.