చదవలేని బిడ్డకే ముందుగా కథ

(హోసూరు ప్రాంత తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు బడుల గురించి, పాఠ్యపుస్తకాల కొరత గురించి, భర్తీ కాని ఉపాధ్యాయుల ఖాళీల గురించి మనం కలిసినప్పుడల్లా మాట్లాడుకుంటూనే ఉన్నాము. మాట్లాడుకోక తప్పదు కూడా. అయితే ఈనాడు నాకు అప్పగించిన విషయం వాటిముందు చిన్నదిగా కనబడుతుంది. ఆలస్యంగా ఎదిగే పిల్లలకు చదువుమీద ఇష్టం కలిగించడం ఎట్లా అన్నది ఆ విషయం. మాటలు ఆలస్యంగా వచ్చిన బిడ్డ, ఏడెనిమిదేళ్ళు నిండినా అక్షరాలు కూడబలుక్కోలేని బిడ్డ, ‘వీడికి చదువు అబ్బదు’ అని ఇంటా బయటా అనిపించుకునే బిడ్డ. అటువంటి బిడ్డ లేని వీధి మన ఊళ్ళలో లేదు. సరిహద్దు జిల్లాలలో ఆ బిడ్డను బాగుచేసే పేరుతో మొదట బలిపెట్టేది మన తెలుగునే. నా ఇంటిలోనే ఇది జరిగింది గనుక చెబుతున్నాను.

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి.

నేను 1978లో ఈ తాలూకాలోనే ఒక పంచాయతీ యూనియన్ బడిలో చేరి, 2012లో పదవీ విరమణ చేసేదాకా తెలుగు పిల్లలకు పాఠాలు చెప్పాను. మా బడిలో ఒక ఇనుప బీరువా ఉండేది. బైండు చేయించిన పాత చందమామలు, చిత్తూరు వెళ్ళినప్పుడల్లా కొనుక్కొచ్చిన సోవియట్ బొమ్మల పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్టు వారి పిల్లల పుస్తకాలు, అన్నీ కలిపి రెండువందలకు పైగా అందులో ఉండేవి. తాళంచెవి నా జేబులో ఉండేది. పాఠాన్ని తప్పు లేకుండా చదివినవాడికి శుక్రవారం సాయంత్రం ఒక పుస్తకం ఇంటికి ఇచ్చేవాణ్ణి. చదవలేనివాడు ఆ సమయంలో ఎక్కాలు రాస్తూ కూర్చోవాలి. దీనిని నేను ప్రోత్సాహం అనుకున్నాను. తనిఖీకి వచ్చిన అధికారులు కూడా మెచ్చుకున్నారు.

కడుపు నిండినవాడికి కొసరి కొసరి వడ్డించి, ఆకలిగొన్నవాణ్ణి గడప బయట కూర్చోబెట్టానని అప్పుడు తోచలేదు. బాగా చదివేవాడు నేను ఇవ్వకపోయినా అంగడి పొట్లం కాగితమైనా విప్పి చదువుకునేవాడు. చదవలేనివాడికి పుస్తకంలో ఏముంటుందో తెలియాలంటే ఆ బొమ్మల పుస్తకాలే దిక్కు. అయిదో తరగతి దాటకుండా బడి మానేసిన పిల్లల ముఖాలు కొన్ని నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. వారిలో ఒక్కరి చేతికీ ఆ బీరువాలోని పుస్తకం వెళ్ళలేదు.

ఇక మా మనవడి సంగతి. మా కూతురి కొడుకు 2012లో పుట్టాడు. మూడున్నరేళ్ళు వచ్చేదాకా రెండు మాటలు కలిపి పలకలేదు. రెండో తరగతికి వచ్చినా తెలుగులో గాని, తమిళంలో గాని, ఇంగ్లీషులో గాని ఒక వాక్యం చదవలేకపోయాడు. 2020 జనవరిలో వాడు చదివే బడివారు మా కూతురినీ అల్లుడినీ పిలిపించి ఒక సలహా చెప్పారు. ‘మూడు భాషల మధ్య పిల్లవాడు తికమక పడుతున్నాడు, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి’ అని. సలహా చెప్పినవారు చెడ్డవారు కారు. వాడిమీద దయతోనే చెప్పారు. మావాళ్ళు రెండు నెలలు దానిని పాటించారు. ఆ రెండు నెలలలో జరిగిందేమిటంటే, ఇంగ్లీషు రాని వాడి అవ్వ వాడితో మాట్లాడటానికి భయపడింది. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన తల్లి ‘కమ్, ఈట్, స్లీప్’ అన్న మూడు మాటలకు పరిమితమైపోయింది. వాడికి ఉన్న కొద్దిపాటి మాటలు కూడా తగ్గిపోయాయి.

రెండు మూడు భాషల మధ్య పెరగడం మాట ఆలస్యం కావడానికి కారణం కాదని ఈ విషయాన్ని పరిశోధించినవారు చాలాకాలంగా చెబుతున్నారు. ఆలస్యంగా మాటలు వచ్చే బిడ్డ ఒక్క భాషలో పెరిగినా ఆలస్యంగానే మాట్లాడతాడు. ఇంటి భాషను తీసివేస్తే వాడికి మిగిలేది మౌనమే. మీలో ఎవరికైనా ఇటువంటి సలహా ఎదురైతే ఒక్క ప్రశ్న వేసుకోండి: ‘ఈ బిడ్డకు పడుకునేముందు కథ చెప్పగలిగిన భాష మా ఇంట్లో ఏది?’

2020 మార్చిలో బడులు మూసివేయడంతో పిల్లవాణ్ణి మా ఊరికి తీసుకొచ్చుకున్నాము. తమిళనాడులో చిన్న తరగతులు తిరిగి తెరిచింది 2021 నవంబరులో. ఏడాదిన్నరకు పైగా వాడు మా దగ్గరే ఉన్నాడు. ఎందరో పిల్లల చదువును దెబ్బతీసిన ఆ కాలం మావాడికి మాత్రం కలిసివచ్చిందని చెప్పడానికి నాకు కొంచెం సంకోచంగానే ఉన్నది.

తాతను, అందులోనూ మాస్టరును! వచ్చిన వారానికే పలకా బలపం ముందుపెట్టాను. వాడు పలకను చూడగానే కడుపునొప్పి అనేవాడు. పది రోజులు చూసి నా భార్య ‘మీరు కొంతకాలం ఊరుకోండి’ అన్నది. ఆ రాత్రినుంచి ఆమె కథ మొదలుపెట్టింది. మనందరికీ తెలిసిన ఏడు చేపల కథే. చేప ఎందుకు ఎండలేదని మొదలైన ప్రశ్న గడ్డిమోపు దగ్గరకు, ఆవు దగ్గరకు, చివరకు చీమ దగ్గరకు పోతుంది గదా. ప్రతిసారీ అదే ప్రశ్న వస్తుంది, జవాబు ఒక్క మెట్టు ముందుకు పోతుంది. మాట తడబడే బిడ్డకు ఇది ఎంత అనువైనదో నేను అన్నేళ్ళ ఉద్యోగంలో గమనించలేదు. తరువాత ఏమి రాబోతున్నదో వాడికి ముందే తెలుస్తుంది. తెలిసినచోట ధైర్యంగా గొంతు కలుపుతాడు. నెల తిరిగేసరికి సగం కథ వాడే చెబుతున్నాడు.

గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా ‘పగటికల’ పుస్తకంలోని ఉపాధ్యాయుడు కూడా తరగతిలో తొలిరోజులలోనే కథ చెప్పడం మొదలుపెడతాడు. పాఠ్యపుస్తకాల డబ్బుతో కథల పుస్తకాలు కొనిపించి తరగతిలోనే గ్రంథాలయం పెడతాడు. 1930ల తొలినాళ్ళ పుస్తకం అది. నేను ఉద్యోగంలో ఉండగానే చదివాను, మెచ్చుకున్నాను, బీరువాకు తాళం వేసుకుని ఇంటికి వెళ్ళాను!

కథ వినడం అలవాటైన తరువాత పుస్తకం తెచ్చాము. రోజుకు పావుగంట, పడుకునేముందు. బొమ్మ వాడివైపు ఉండేటట్టు పట్టుకుని, చదివేచోట నా వేలు పెట్టి చదివేవాణ్ణి. పేజీ తిప్పే అధికారం వాడిది. ఒకే పుస్తకాన్ని ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లు చదివాను. చదివిన తరువాత ప్రశ్నలు అడగకూడదని నాకు నేను నియమం పెట్టుకున్నాను. ఉపాధ్యాయుడికి ఇది చాలా కష్టమైన నియమం. ‘ఇందులో నీతి ఏమిటి’, ‘ఇది ఏ అక్షరం’ అని నాలుక చివరిదాకా వచ్చేది. ఒకసారి నోరుజారి అడిగాను. వాడు పుస్తకం మూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అక్షరాల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. తల్లిదండ్రుల తొందర అంతా అక్కడే ఉంటుంది. మన లిపి అందమైనదే గాని చిన్నది కాదు. హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిపితే బిడ్డ గుర్తుపట్టవలసిన రూపాలు వందలలో ఉంటాయి. కన్నడం నేర్చుకునే పిల్లలమీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. అక్షరాలన్నీ పట్టుబడటానికి మొదటి మూడేళ్ళు చాలవని, నాలుగైదు తరగతులదాకా ఆ నేర్పు సాగుతూనే ఉంటుందని అందులో తేలింది. కన్నడ లిపీ మన లిపీ తోబుట్టువులే. ఇంగ్లీషు బడి లెక్కలో ఒకటో తరగతికే చదవడం రావాలంటారు. 26 అక్షరాల లెక్కను మన పిల్లలమీద రుద్దితే, సాధారణమైన బిడ్డ కూడా మొద్దుగా కనబడతాడు.

మన ప్రాంతంలో మరొక చిక్కు ఉన్నది. ఒకటో తరగతినుంచి తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. తమిళం నేర్వడంలో నాకు అభ్యంతరం లేదు, ఈ నేలమీద బ్రతికేవాడికి అది కావాలి. కాని తమిళంలో హల్లులు 18. కకారానికీ గకారానికీ ఒకే అక్షరం. ఆ అలవాటుతో మన బిడ్డ తెలుగులో ‘గాలి’ని ‘కాలి’ అని రాస్తే, వాడు ఒక లిపి పద్ధతిని ఇంకొక లిపిలో వాడుతున్నాడని అర్థం. నేను అటువంటి తప్పులకు ఎన్ని ఎర్రసిరా సున్నాలు చుట్టానో లెక్కలేదు.

మా వైపు రాగులు కోతకొచ్చే వేళకు డెంకణికోట అడవులనుంచి ఏనుగులు చేలమీద పడటం మీకు తెలిసిందే. 2020 చివరలో ఒక రాత్రి మా పక్కచేనిలోకి వచ్చాయి. టపాకాయలు, డప్పులు, కేకలు. తెల్లవారి మనవడు నా దగ్గరకు వచ్చి ఏనుగు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. అంతసేపు వాడు ఆపకుండా మాట్లాడటం అదే మొదటిసారి. నోటుపుస్తకం తీసి వాడు చెప్పింది చెప్పినట్టు రాశాను. ‘ఏనుగు వచ్చె. రాగులు తినె. అవ్వ బెదిరె. నేను బెదరలే.’ ‘వచ్చింది’ అని దిద్దబోయి చెయ్యి వెనక్కు తీసుకున్నాను. వాడి మాట వాడి మాటగానే కాగితంమీద కనబడాలి. ఆ నాలుగు వాక్యాలను వాడు సాయంత్రానికి అవ్వకు, వచ్చిపోయేవారికి అందరికీ ‘చదివి’ వినిపించాడు. నిజానికి అది కంఠతా చెప్పడమే. అయినా ఏ మాట ఎక్కడ ఉన్నదో వేలు పెట్టి చూపేవాడు. ‘బెదరలే’ అన్న మాటమీద మాత్రం వేలు కొంచెంసేపు ఎక్కువగా ఆగేది.

న్యూజిలాండులో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ ఇదే పని చేసింది. ప్రతి బిడ్డనూ ‘నీకు ఏ మాట కావాలి’ అని అడిగి, ఆ మాటను అట్టముక్కమీద రాసి ఇచ్చేది. బిడ్డకు భయమో ప్రేమో ఉన్న మాట ఒక్కసారికే గుర్తుంటుందని ఆమె గమనించింది. 1963లో వచ్చిన ‘టీచర్’ అన్న పుస్తకంలో ఆమె దీనిని వివరించింది. పెద్ద భాష నీడలో బ్రతికే చిన్న జాతి పిల్లలు గనుక ఆ అనుభవం మనకు దగ్గరగా ఉంటుంది.

ఏనుగు నోటుపుస్తకం నిండింది. రెండోది మొదలైంది. వాడికి తొమ్మిదేళ్ళు దాటిన తరువాత, ఒకనాడు నేను చదువుతూ నిద్రలో తూగి ఒక వాక్యం వదిలేశాను. ‘తాతా, ఇది చదవలే’ అని ఆ వాక్యం తానే చదివాడు. నిద్ర ఎగిరిపోయింది!

అద్భుతం జరిగిందని మీరు అనుకోకూడదు. వాడు 2025లో ఎనిమిదో తరగతికి వచ్చాడు. నెమ్మదిగానే చదువుతాడు, మార్కులు సాధారణమే. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాడు. కాని పుస్తకం చూస్తే కడుపునొప్పి రాదు.

మరొక జాగ్రత్త. కథలు చెబుతూ కూర్చుంటే అన్నీ అవే సర్దుకుంటాయని నేను అనడం లేదు. మాట ఆలస్యమైతే వెంటనే చెవి పరీక్ష చేయించండి, బడిలో వేయగానే కంటి పరీక్ష చేయించండి. మంచి బోధన అందినా ఎనిమిదేళ్ళ తరువాత అక్షరాలు నిలవకపోతే నిపుణులకు చూపించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అభ్యసన లోపాలను కూడా గుర్తించింది. అయితే ఆ పరీక్ష బిడ్డకు బాగా వచ్చిన భాషలో కూడా జరగాలని పట్టుబట్టండి. రాని భాషలో పరీక్షిస్తే తేలేది ఆ భాష రాదన్న సంగతి మాత్రమే.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. 1947 జూలైలో తెలుగులోను తమిళంలోను మొదలైన చందమామ ఇప్పుడు రావడం లేదు, పాత సంచికలు మీ అటకలమీద ఉంటే దించండి. సికిందరాబాదులోని మంచి పుస్తకం వారి బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, సెల్‌ఫోనులోనే చదివి వినిపించవచ్చు. ఏదీ లేకపోతే అవ్వ ఉన్నది.

ఈ మందిరం వాకిట బల్లమీద నలభై పుస్తకాలు పెట్టాను. అక్షరాలు రాని పిల్లలు ముందుగా వెళ్ళి ఏరుకోవాలి, చదవగలిగినవారు తరువాత. పేరు రాయించనక్కరలేదు. చిరిగితే అన్నం మెతుకులతో అతికించి తెండి, అతికించకపోయినా తెండి. నాకు ఆరున్నర బస్సు ఉన్నది, అప్పటిదాకా అక్కడే కూర్చుని ఎవరు అడిగితే వారికి చదివి వినిపిస్తాను.