ఉప్పుగాలిలో మిడి గిటార్

మన శ్రీ విజయపురంలో, అదే, నోటికి అలవాటైన పోర్ట్ బ్లెయిర్‌లో, ఇనుము ఏ రూపంలో ఉన్నా దానికి మొదటి శత్రువు ఉప్పుగాలి. గిటార్ తీగలూ అంతే. మిడి పికప్ ఉన్న గిటార్ అయితే మరీనూ.

మామూలు పికప్ ఆరు తీగల ధ్వనినీ కలిపి పంపుతుంది. మిడి పికప్ అలా కాదు. ఏ తీగకా తీగ విడిగా పట్టుకుంటుంది. స్వరమేదో సింథసైజర్ యంత్రం తేల్చుకుని, వేణువుగానో వయొలిన్‌గానో పలికిస్తుంది. రోలాండ్ కంపెనీ 1977లోనే గిటార్ సింథసైజర్ తెచ్చింది.

మందపు తీగ మీటితే స్వరం కాస్త ఆలస్యంగా పలుకుతుంది. కంగారుపడకండి. ఆ తీగ కంపనమే నెమ్మది. కానీ సన్న తీగ కూడా తడబడుతోందా? మీటని స్వరాలు వినిపిస్తున్నాయా? సెట్టింగుల జోలికి పోకముందు తీగను వేలితో నిమరండి. గరుకుగా తగిలితే తుప్పే. తుప్పు తీగ సమంగా కంపించదు. యంత్రం పొరబడుతుంది. పాపం, తిట్లు మాత్రం యంత్రానికే!

అందుకే వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవండి. తీగల పైన, తీగల కింద. కింద కూడా, మరవద్దు. పెట్టెలో సిలికా జెల్ సంచి వేయండి. మన వానలకు అదీ త్వరగా తడుస్తుంది, మారుస్తుండాలి. కేబుల్‌కు పిన్నులు ఎక్కువ, వంకరగా తోయకండి. వాడని రోజుల్లో బ్యాటరీ తీసేయండి.

ఇంకొక్క మాట. కొత్త తీగల సెట్టు ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి. కచేరీ రోజున తీగ తెగితే, చెన్నై ఓడ కోసం ఎదురుచూడలేం కదా!